ఒంటి కాగితం వేరు, స్టేషన్ కాగితం వేరు

సర్కారు ఉద్యోగం వచ్చిందంటే మా పిల్లల చేతికి ముందుగా జీతం రాదు, రెండు కాగితాలు వస్తాయి. ఒకటి డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంకొకటి పోలీసు స్టేషనుకు పోవాలి. ఈ మనిషి ఈ పని చేయగలడా అని మొదటి కాగితం అడగాలి. ఈ మనిషి మీద కేసులేమైనా ఉన్నాయా అని రెండో కాగితం అడగాలి. అంతవరకే అయితే మాకు పేచీ లేదు. పిల్లలకు పాఠం చెప్పేవాళ్లు, తుపాకి పట్టేవాళ్లు, రాకెట్ కేంద్రం గేటు దాటి లోపలికి పోయేవాళ్లు ఎవరో ప్రభుత్వం తెలుసుకోవాల్సిందే. కానీ ఈ రెండు కాగితాలు మా కాలనీల్లోకి వచ్చేసరికి ఒకటైపోతున్నాయి. ఇంట్లో ఉన్న జబ్బు అనుమానంగా మారుతోంది. ఆ అనుమానం ఫైలు ఎక్కుతోంది. మా పేచీ అక్కడ.

మేము పాత చిత్తూరు జిల్లాలోని యానాది, ఎరుకల, సుగాలి టీచర్లం. కార్వేటినగరం డైట్‌లోనో ఇంకోచోటనో ట్రైనింగ్ చేసి, డీఎస్సీ రాసి బడుల్లోకి వచ్చినవాళ్లం. మా ఇళ్లలో చాలామందికి మేమే మొదటి చదువు, మొదటి ఉద్యోగం. అందుకే కాలనీలో ఎవరికి ఏ కాగితం వచ్చినా అది మా ఇంటికే వస్తుంది. ఫారాలు నింపడం మాకు రెండో ఉద్యోగం. ఆ ఫారాల్లో ఏముందో మాకు తెలుసు. ఏ ప్రశ్న దగ్గర పిల్లలు తలదించుకుంటారో కూడా తెలుసు.

స్టేషన్ కాగితం సంగతి ముందు చూద్దాం. గత ఐదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నావు, ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు నడిచిందా, శిక్ష పడిందా అని అడుగుతుంది. ఏది దాచినా, ఏది అబద్ధం చెప్పినా ఉద్యోగం పోతుందని హెచ్చరిక ఉంటుంది. ఇటుక బట్టీల వెంట, మామిడి తోటల కాపలా వెంట తిరిగే కుటుంబానికి ఐదేళ్ల చిరునామా రాయడమే ఒక యజ్ఞం. సరే, రాస్తాం.

ఇక ఒంటి కాగితం. కేంద్ర సర్వీసు పరీక్షల నిబంధనల వెనక అనుబంధంలో, వైద్య పరీక్షకు ముందు అభ్యర్థి సంతకం చేయాల్సిన ఒక ప్రకటన ఏళ్ల తరబడి అచ్చవుతూ వచ్చింది. నీకు మశూచి వచ్చిందా, నెత్తురు కక్కావా, ఉబ్బసం ఉందా, మూర్ఛ వచ్చిందా అని అందులో అడుగుతారు. అంతటితో ఆగరు. నీ దగ్గరి బంధువుల్లో ఎవరికైనా క్షయ, మూర్ఛ, పిచ్చి ఉన్నాయా అంటారు. నాన్న బతికి ఉంటే వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది? చనిపోతే ఏ వయసులో, ఏ జబ్బుతో? అన్నదమ్ములు ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు, ఏ వయసులో, దేనివల్ల? అమ్మ గురించి, అక్కచెల్లెళ్ల గురించి మళ్లీ అవే గడులు. తక్కువ ఎత్తు ఉండే ఫలానా జాతుల వాడివా అని కూడా ఒక ప్రశ్న. అడుగున షరా మామూలే: కావాలని ఏదైనా దాచితే నియామకం పోగొట్టుకుంటావు.

పట్నంలో నిండైన ఇంట్లో పుట్టిన అభ్యర్థి ఆ గడులను రెండు నిమిషాల్లో నింపేస్తాడు. మా పిల్లలకు అది చావుల లెక్క. చెరువు కట్ట మీద గుడిసెలో విరేచనాలతో పోయిన తమ్ముడు ఉంటాడు. ఏ జబ్బో ఎవరూ చెప్పకుండానే పోయిన తండ్రి ఉంటాడు. ఆసుపత్రి దూరమై, బండి దొరక్క, కాన్పులో పోయిన అక్క ఉంటుంది. ఆ చావులకు జవాబు చెప్పాల్సింది ఎవరు? ఊరికి రోడ్డు వేయనివాళ్లు, నీళ్లు ఇవ్వనివాళ్లు, ఆరోగ్య కేంద్రంలో డాక్టరును ఉంచనివాళ్లు. ఆ లెక్క వాళ్లను అడగాలి. తమ్ముడు పోయినప్పుడు ఎవరూ రాలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం అతడు ఎందుకు పోయాడో చెప్పమంటున్నారు. ప్రభుత్వం చేయని పని అభ్యర్థి ఒంటి మీద మచ్చ అవుతోంది.

దీన్ని అందరికీ ఉండే ఇబ్బందే కదా అని కొట్టిపారేసే పెద్దలున్నారు. అందరికీ ఒకటి కాదు. ఎందుకో తెలియాలంటే చరిత్ర చూడాలి.

మా ఒంటిని కొలవడమూ మమ్మల్ని కాపలా కాయడమూ మొదటినుంచీ కలిసే నడిచాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ముక్కు వెడల్పెంత, తల పొడవెంత, మనిషి ఎత్తెంత అని కొలిచి రాసుకున్నాడు. మనుషుల కొలతలు తీయడం ఎలాగో పోలీసు అధికారులకు పాఠాలు చెప్పింది కూడా ఆయనే. కొలత పట్టీ, లాఠీ ఒకే గదిలో కూర్చున్నాయన్నమాట. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఎరుకలను కావలి సెటిల్‌మెంటుకు, స్టూవర్టుపురానికి తోలారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, వేలిముద్రలు తీశారు, స్టేషనుకు వచ్చి కనపడమన్నారు. ఏ తప్పూ చేయని పసిబిడ్డ కూడా పుట్టుకతోనే అనుమానితుడయ్యాడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. కానీ అలవాటు నేరస్థులు అనే కొత్త పేరుతో రాష్ట్రాల్లో వేరే చట్టాలు వచ్చాయి. జైలు మాన్యువళ్లలో విముక్త జాతుల మీద ఇంకా పాత రాతలే ఉన్నాయని, అవి రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబర్ 3 దాకా పట్టింది. అంటే చట్టం పోయి డెబ్బై రెండేళ్లు గడిచినా కాగితం పోలేదు. కాగితం ఎంతకాలం బతుకుతుందో మాకన్నా బాగా తెలిసినవాళ్లు ఈ దేశంలో తక్కువ. అందుకే మా పిల్లల జబ్బును ఎవరైనా కాగితం మీద పెడుతుంటే మాకు భయం వేస్తుంది. ఆ భయం మా అజ్ఞానం కాదు, మా అనుభవం.

మన తిరుపతి జిల్లాలోనే ఇంకో సంగతి ఉంది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ శ్రీహరికోట ఉంది. తరతరాలుగా యానాదులు ఆ దీవి అడవిలో గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, చేపలు పట్టుకుని బతికారు. 1969లో దాన్ని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 2023 జులై 14న చంద్రయాన్-3 అక్కడినుంచే బయలుదేరితే మా బడుల్లో పిల్లలతో కలిసి మేమూ చప్పట్లు కొట్టాం. అది మన గర్వమే. కానీ ఆ దీవి ఇప్పుడు భద్రతా ప్రాంతం. సాయుధ కాపలా ఉంటుంది. పాస్ లేనిదే ఎవరూ లోపలికి పోలేరు. ఆ అడవిలో ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుందో పండితులు యానాదుల నోటినుంచే విని పుస్తకాలు రాసుకున్నారు. యానాదుల కొలతలు తీశారు, తిండి రాసుకున్నారు, ఆచారాలు రాసుకున్నారు. ఒకప్పుడు అడగకుండా తిరిగిన నేల మీద కూలి పనికి పోవాలన్నా, చదువుకుని ఉద్యోగానికి పోవాలన్నా ఇప్పుడు మేము ఎవరో మేమే రుజువు చేసుకోవాలి. సరే, రుజువు చేసుకుంటాం. మా పేరు, మా ఊరు, మా నడవడి చూపిస్తాం. మా అమ్మ ఊపిరితిత్తుల ఫోటో మాత్రం చూపించం.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. విచారణ మా కాలనీల్లో ఎలా జరుగుతుందో చెబుతాం. సంతపేటలోనో, టౌనులో మేడ మీదనో ఉండే అభ్యర్థి ఇంటికి కానిస్టేబుల్ వస్తే కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, తలుపు లోపలే మాట అయిపోతుంది. మా కాలనీలో తలుపు లోపల అనే చోటు లేదు. ఇల్లు ఒకే గది. మాటంతా వాకిట్లోనే, చెట్టు కిందే, టీ బంకు దగ్గరే. మేము చూస్తుండగానే ఒకసారి జరిగిన మాటలివి.

“ఏమ్మా, ఈ పిల్లోడు మంచోడేనా?”

“మంచోడే సార్. తలెత్తి ఒకరి జోలికి పోడు.”

“తాగుడు గీగుడు?”

“లేదు సార్.”

“వాళ్లమ్మకు దగ్గు జబ్బంట గదా? వీడికీ ఉందా?”

అడిగినాయనకు చెడు ఉద్దేశం ఉందని మేము అనం. ఎవరో చెప్పింది విన్నాడు, అడిగాడు. కానీ ఆ ప్రశ్న ఏ ఫారంలో ఉంది? ఏ చట్టంలో ఉంది? నలుగురి ముందు ఆ మాట పడ్డాక ఆ ఇంటి పిల్లకు పెళ్లి సంబంధం వస్తుందా? ఆ తల్లిని పొరుగింటి వాళ్లు బోరింగు దగ్గరికి రానిస్తారా? విచారణ చేసినాయన సాయంత్రానికి స్టేషనుకు వెళ్లిపోతాడు. ఆ మాట మాత్రం కాలనీలోనే కాపురం ఉంటుంది.

దీనివల్ల అసలు నష్టం ఇంకోటి ఉంది. క్షయ మందు మామూలుగా ఆరు నెలలు మింగితే నయమయ్యే జబ్బు. 2012 నుంచి ప్రతి క్షయ కేసునూ ప్రభుత్వానికి తెలపాలని నియమం. తిండికని నెలకు ఇంతని లెక్కగట్టి ఖాతాలో డబ్బు వేస్తున్నారు, 2024 నవంబర్ నుంచి దాన్ని నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు. మంచి పథకమే. కానీ కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాడు తెమడ పరీక్షకు రానంటున్నాడు. “నా పేరు కంప్యూటర్లో ఎక్కుతుంది గదా సార్, రేపు సెలక్షన్లో చూస్తే?” అంటాడు. వాడికి మేమేం చెప్పాలి? ఎవరూ చూడరని మేము హామీ ఇవ్వగలమా? పేరు బయటపడుతుందన్న భయంతో వాడు మందు మింగడు. వాడి దగ్గు ఇంట్లో చంటిబిడ్డకు అంటుకుంటుంది. అంటే జబ్బు గుట్టు కాపాడటం ఒక్కరి పరువు కోసం కాదు, ఊరంతటి ఆరోగ్యం కోసం.

దేశ భద్రత సంగతేమిటని అడిగేవాళ్లకు మా జవాబు సూటిగా చెబుతాం. బస్సు నడిపేవాడి కళ్లు చూడండి. పరుగెత్తాల్సినవాడి గుండె చూడండి. రాకెట్ ఇంధనం దగ్గర పనిచేసేవాడికి ఆ పనికి కావలసిన ఆరోగ్యం ఉందో లేదో డాక్టరు చూడాల్సిందే. కానీ చూసిన డాక్టరు ఆఫీసుకు రాయాల్సింది ఒక్క మాట: ఈ పనికి తగును, లేదా తగడు. ఎందుకు తగడో ఆ మనిషికి చెప్పాలి. గుమాస్తాకు, ఇన్‌స్పెక్టరుకు, పక్కబల్ల వాళ్లకు ఆ ‘ఎందుకు’తో పనేమిటి? మనోవ్యాధికి ఒకప్పుడు మందు తీసుకున్నంత మాత్రాన మనిషి దేశద్రోహి అవుతాడా? తల్లికి మూర్ఛ ఉంటే కొడుకు రహస్యాలు అమ్ముకుంటాడా?

రహస్యాలన్నీ ఒకచోట పోగేస్తే దేశం భద్రంగా ఉంటుందనేది కూడా భ్రమ. అమెరికాలో భద్రతా అనుమతి కోసం ఉద్యోగులు, అభ్యర్థులు నింపిన ఫారాలన్నీ అక్కడి సిబ్బంది వ్యవహారాల కార్యాలయం దాచిపెట్టింది. వాటిలో కుటుంబాల సంగతులున్నాయి, మానసిక వైద్యం సంగతులున్నాయి. దొంగలు కంప్యూటర్లలోకి చొరబడి 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు ఎత్తుకుపోయారని 2015లో బయటపడింది. అంత పెద్ద దేశమే దాచలేకపోయింది. తాళం లేని బీరువాలో, ఆఫీసు ఫోను వాట్సాప్‌లో మా కాగితాలు భద్రమని మమ్మల్ని నమ్మమంటున్నారా?

కోర్టులు ఈ సంగతి ఎప్పుడో గుర్తించాయి. జీవిత బీమా సంస్థలో చేరిన నీరా మాథుర్‌ను ఆమె నెలసరి గురించి, గర్భం గురించి ఫారంలో అడిగారు. ఆమె సరిగ్గా చెప్పలేదని ఉద్యోగంలోంచి తీసేశారు. సుప్రీంకోర్టు 1991లో ఆ ప్రశ్నలు ఆడవాళ్లను అవమానించేవని చెప్పి, వాటిని ఫారంలోంచి తీసేయమంది. సుమారు ఇరవై ఏళ్ల కిందట మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టుకు ఒక అభ్యర్థి తన పేరు చెప్పకుండా ‘ఎక్స్’ అనే అక్షరంతో వచ్చాడు. హెచ్‌ఐవి ఉన్నవాళ్లను పోలీసు ఉద్యోగంలోకి తీసుకోరాదన్న పోలీసు మాన్యువల్ నిబంధనను కోర్టు కొట్టేసింది. తన హక్కు తాను అడగడానికి ఒక మనిషి పేరు దాచుకోవాల్సి వచ్చిందంటేనే బయటి లోకం ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవి చట్టం, మానసిక ఆరోగ్య చట్టం రెండూ రోగి వివరాలు గుట్టుగా ఉంచాలన్నాయి.

అయితే చట్టాలకు దొడ్డిదారులూ ఉన్నాయి. మానసిక ఆరోగ్య చట్టమే ప్రజా భద్రత పేరుతో వివరాలు బయటపెట్టడానికి ఒక సందు వదిలింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, దేశ భద్రత పేరుతో తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఉద్యోగ అవసరాలకైతే మనిషి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చంది. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తెరిచిపెట్టినట్టుంది. పెద్ద వకీలును పెట్టుకోగలిగినవాడు ముందు తలుపు దగ్గర నిలబడి హక్కు అడుగుతాడు. మా ఇళ్లలోకి వచ్చేవాళ్లు మాత్రం దొడ్డి తలుపు గుండానే వస్తారు.

ఇప్పుడు ఇంకో కొత్త కాగితం వస్తోంది. 2023 జులై 1న సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో, ముఖ్యంగా ఆదివాసీ ప్రాంతాల్లో, 7 కోట్ల మందికి రక్త పరీక్షలు చేసి కార్డులివ్వాలని, 2047 నాటికి జబ్బు లేకుండా చేయాలని లక్ష్యం. మన్యంలో ఈ జబ్బుతో పిల్లలు పడే నొప్పి తెలిసినవాళ్లెవరూ ఈ పరీక్షలు వద్దనరు. మేమూ వద్దనం. కానీ తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే ఆ లక్షణం వచ్చినవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్లు రోగులు కారు. రేపు సెలక్షన్ బోర్డులో ఎవరైనా “నీ సికిల్ కార్డు తెచ్చావా?” అంటే?

అలా జరగదని చెప్పేవాళ్లకు నల్లజాతి అన్నల సంగతి గుర్తుచేస్తాం. అమెరికా వైమానిక దళ అకాడమీ సికిల్ లక్షణం ఉన్నవాళ్లను చేర్చుకోకుండా ఆపింది. ఆ నిషేధం 1981లో గానీ పోలేదు. కాలిఫోర్నియాలో ప్రభుత్వ డబ్బుతో నడిచే లారెన్స్ బర్క్‌లీ పరిశోధనాలయం ఉద్యోగంలో చేరేవాళ్ల నెత్తురు తీసుకుని, వాళ్లకు చెప్పకుండానే సిఫిలిస్‌కు పరీక్ష చేసింది. ఆడవాళ్లకు గర్భ పరీక్ష, నల్లవాళ్లకు సికిల్ పరీక్ష చేసింది. వాళ్లు దావా వేస్తే, ఇలా చేయడం గోప్యత హక్కును కాలరాయడమేనని వాదించుకునే హక్కు వాళ్లకుందని 1998లో అక్కడి అప్పీలు కోర్టు అంది. ఎవరి నెత్తురులో ఏముందని వెతికారో చూడండి. అందరి నెత్తురులోనూ ఒకటే వెతకలేదు. మనల్నీ అలాగే వెతికే రోజు రాకముందే కట్టడి కావాలి.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి.

ఒకటి. వైద్య పరీక్ష చేసిన డాక్టరు నియామక ఆఫీసుకు తగును, తగడు, ఫలానా సౌకర్యం ఇస్తే తగును అన్న మూడింటిలో ఒకటి మాత్రమే రాయాలి. జబ్బు పేరు అభ్యర్థికి మాత్రమే, రాతపూర్వకంగా, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఇవ్వాలి. రెండో వైద్య బోర్డుకు పోయే దారి కూడా ఆ కాగితం మీదే రాయాలి.

రెండు. తల్లిదండ్రుల, తోబుట్టువుల జబ్బులు, చావులు అడిగే గడులు ఏ ఫారంలో ఉన్నా తీసేయాలి. ఎత్తు సడలింపు కోసం ఎస్టీ సర్టిఫికెట్ చాలు. జాతి శరీరం గురించి ప్రశ్న వద్దు.

మూడు. విచారణకు వచ్చే పోలీసు ఏమేమి అడగవచ్చో అచ్చు వేసి అభ్యర్థికి ముందే ఇవ్వాలి. ఆ జాబితాలో ఆరోగ్యం ఉండకూడదు. విచారణ నివేదిక నకలు అభ్యర్థికి ఇవ్వాలి. వాకిట్లో పది మంది ముందు విచారణ చేయకూడదు.

నాలుగు. క్షయ, సికిల్‌సెల్, హెచ్‌ఐవి, మానసిక వైద్యం రిజిస్టర్లు వైద్యం కోసమే. రాతపూర్వక సమ్మతి లేకుండా పోలీసుగానీ నియామక బోర్డుగానీ వాటిని చూడరాదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. భద్రత పేరుతో ఇచ్చే మినహాయింపులు ఆరోగ్య రికార్డులకు వర్తించకూడదు.

ఐదు. ఉద్యోగం రానివాళ్ల వైద్య కాగితాలు ఎన్ని రోజులకు నాశనం చేస్తారో తేదీ చెప్పాలి. తెల్లదొర నాటి రిజిస్టర్ల నీడ మమ్మల్ని వందేళ్లు వెంటాడింది. ఇంకో వందేళ్లకు కొత్త రిజిస్టరు వద్దు.

మన సంఘాల వాళ్లకూ ఒక మాట. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు జెండా ఎగరేసి భూమి అడుగుతాం, పట్టా అడుగుతాం, హాస్టలు అడుగుతాం. అడగాలి. వచ్చే అర్జీలో ఈ ఐదు కోరికలూ చేర్చుదాం. ఉపాధ్యాయ సంఘాల తీర్మానాల్లోనూ పెట్టిద్దాం. ఇది ఆదివాసీల బాధ మాత్రమే కాదు, నియామక ఫారం చేత పట్టిన ప్రతి పేద బిడ్డ బాధ. ఈలోగా ఫారం తెచ్చుకునే పిల్లలకు ఒకటి చెబుదాం. రాయాల్సింది నిజం రాయండి, అబద్ధం వద్దు. కానీ అచ్చులో లేని ప్రశ్న ఎవరు అడిగినా, “ఇది ఏ రూలు కింద అడుగుతున్నారు సార్?” అని మర్యాదగా అడగండి. ఒంటరిగా అడగలేకపోతే మమ్మల్ని పిలవండి. మీ పక్కన వచ్చి నిలబడతాం.